గోనెపట్ట మీది పిల్లవాడు

(డాక్టర్ బాబాసాహెబ్ అంబేద్కర్ జీవితం – హాస్టల్ విద్యార్థుల కళ్ళతో)

మన స్టడీ హాలు గోడ మీద బాబాసాహెబ్ పటం ఉంది. నీలం కోటు, కళ్ళజోడు, చేతిలో పుస్తకం. ఏటా ఏప్రిల్ 14న ఆ పటానికి దండ వేస్తాం. డిసెంబరు 6న కొవ్వొత్తులు వెలిగిస్తాం. వక్తృత్వ పోటీ పెడితే రాజ్యాంగ నిర్మాత, ప్రపంచ మేధావి, భారతరత్న అని గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తాం. చప్పట్లు పడతాయి. బహుమతిగా పెన్నో, స్టీలు గ్లాసో ఇస్తారు. మళ్ళీ ఏడాది దాకా ఆయన గోడ మీదే ఉండిపోతాడు.

ఈ వార్షికోత్సవ సంచికకు ఆయన జీవితం రాయాలని కూర్చున్నప్పుడు మేము ఒక మాట అనుకున్నాం. పదవులు, డిగ్రీలు అందరికీ తెలిసినవే. ఆ పటంలోని మనిషి మన వయసులో ఎలా ఉండేవాడు? బడిలో ఎక్కడ కూర్చున్నాడు? దాహమైతే ఎవరు నీళ్ళు పోశారు? రాత్రి చదువుకోవడానికి దీపం ఉండేదా? పుస్తకాలకు డబ్బు ఎవరిచ్చారు? హాస్టల్ పిల్లలకు ముందుగా తట్టే ప్రశ్నలు ఇవే. వీటికి జవాబులు వెతుక్కుంటూ పోతే, మనం ఈ రోజు పడుకుంటున్న గదికీ ఆయన చిన్నతనానికీ ఉన్న సంబంధం ఏమిటో మాకు అర్థమైంది. అదే ఇక్కడ రాస్తున్నాం.

పద్నాలుగో బిడ్డ

భీమ్‌రావు 1891 ఏప్రిల్ 14న మౌ అనే కంటోన్మెంటు ఊళ్ళో పుట్టాడు. అది ఇప్పటి మధ్యప్రదేశ్‌లో ఉంది. తండ్రి రామ్‌జీ సక్పాల్ సైన్యంలో సుబేదారు, సైనికుల బడిలో ఉపాధ్యాయుడు. తల్లి భీమాబాయి. సొంత ఊరు రత్నగిరి జిల్లాలోని అంబవాడే. కులం మహర్. మహారాష్ట్రలో అంటరానివిగా ముద్ర పడిన కులాల్లో అది పెద్దది.

ఆ తల్లిదండ్రులకు భీమ్‌రావు పద్నాలుగో సంతానం. కానీ ఆ పద్నాలుగు మందిలో బతికి పెరిగి పెద్దయింది అయిదుగురే. ముగ్గురు మగపిల్లలు, ఇద్దరు ఆడపిల్లలు. సుబేదారు ఇంట్లోనే అలా ఉంటే కూలి నాలి చేసుకునే ఇళ్ళల్లో ఎలా ఉండేదో మనం ఊహించుకోవచ్చు. బిడ్డ బతకడమే ఆ రోజుల్లో మొదటి పరీక్ష. ఆ అయిదుగురిలోనూ హైస్కూలు దాకా వెళ్ళగలిగింది భీమ్‌రావు ఒక్కడే.

తండ్రి ఉద్యోగ విరమణ చేశాక కుటుంబం దాపోలికి, ఆ తర్వాత సతారాకు వచ్చింది. సతారాలో ఉండగానే తల్లి చనిపోయింది. అప్పటికి అతనికి అయిదారేళ్ళు. మేనత్త ఆ పిల్లలను సాకింది.

బడిలో చోటు దొరికింది, నీళ్ళు దొరకలేదు

1900 నవంబరు 7న సతారా ప్రభుత్వ హైస్కూలు రిజిస్టరులో ఆ పిల్లవాడి పేరు ఎక్కింది. 2017 నుంచి మహారాష్ట్ర ప్రభుత్వం ఆ తేదీని విద్యార్థి దినంగా జరుపుతోంది. ఒక పిల్లవాడు బడిలో చేరిన రోజును ఒక రాష్ట్రమంతా పండుగ చేసుకోవడం ఎంత గొప్ప సంగతో చూడండి.

కానీ ఆ బడిలో అతనికి బెంచీ లేదు. తరగతిలో ఒక మూల, ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్ట పరచుకుని కూర్చునేవాడు. సాయంత్రం దాన్ని మళ్ళీ ఇంటికి మోసుకుపోవాలి. బడి ఊడ్చే నౌకరు ఆ గోనెపట్టను ముట్టుకోడు కాబట్టి అది అక్కడ ఉండడానికి వీల్లేదు. మిగతా పిల్లలు దాహమైతే మాస్టారిని అడిగి వెళ్ళి కుళాయి తిప్పుకుని తాగేవాళ్ళు. ఇతను కుళాయి ముట్టుకోకూడదు. బడి ప్యూను వచ్చి తిప్పాలి. ప్యూను సెలవు పెడితే ఆ రోజంతా నీళ్ళు లేవు. చాలా ఏళ్ళ తర్వాత తన అనుభవాలను రాసుకున్నప్పుడు ఈ సంగతిని ఆయన ప్రత్యేకంగా చెప్పాడు. ప్యూను లేకపోతే నీళ్ళు లేకపోవడం, అంతే ఆ కథ.

ఇంటి దగ్గరా అదే వరస. డబ్బులిస్తామన్నా చాకలి బట్టలు ఉతకడు. మంగలి తల ముట్టుకోడు. అక్కయ్యే తమ్ముళ్ళకు క్షవరం చేసేది. చేసీ చేసీ ఆమె ఆ పనిలో ఆరితేరిపోయింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ ఇంట్లో అప్పటికి తిండికి కరువు లేదు. తండ్రికి జీతం ఉంది. అయినా ఆ డబ్బు మంగలి దగ్గర చెల్లలేదు, చాకలి దగ్గర చెల్లలేదు, కుళాయి దగ్గర చెల్లలేదు. పేదరికం వేరు, వెలి వేరు. వెలి ఉన్నచోట చేతిలో రూపాయి ఉన్నా పిల్లవాడు పేదవాడే.

మసూరు స్టేషనులో నలుగురు పిల్లలు

1901 వేసవి సెలవుల్లో జరిగిన సంగతి ఇది. తండ్రి గోరేగావ్ అనే చోట క్యాషియరుగా పని చేస్తున్నాడు. కరువు రోజులు. పనులు లేని జనానికి ప్రభుత్వం అక్కడ చెరువు తవ్వకం పని కల్పించింది. సెలవులకు రమ్మని తండ్రి ఉత్తరం రాశాడు. భీమ్‌రావు, అతని అన్న, చనిపోయిన అక్క కొడుకులిద్దరు కొత్త బట్టలు వేసుకుని, జరీ టోపీలు పెట్టుకుని రైలెక్కారు. మొదటిసారి రైలు ప్రయాణం. సంబరమే సంబరం.

మసూరు స్టేషనులో దిగేసరికి సాయంత్రం అయిదయింది. తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. వీళ్ళు రాసిన ఉత్తరం ప్యూను మరచిపోవడంతో తండ్రికి చేరనే లేదు. స్టేషను మాస్టరు ముచ్చటపడి దగ్గరకొచ్చి పలకరించాడు. ఎవరి పిల్లలని అడిగాడు. మహర్లమని చెప్పగానే ఆయన ముఖం మారిపోయింది, వెనక్కి వెళ్ళిపోయాడు. స్టేషను బయట బండ్లు చాలా ఉన్నాయి. ఒక్క బండివాడూ ఎక్కించుకోనన్నాడు. చివరికి రెట్టింపు బాడుగ ఇస్తామంటే ఒకడు ఒప్పుకున్నాడు, అదీ ఒక షరతు మీద. బండి పిల్లలే తోలుకోవాలి, తను పక్కన నడుస్తాడు.

దారిలో నీళ్ళు లేవు. అర్ధరాత్రి టోల్ గేటు గుడిసె చేరారు. ముసల్మానులమని చెప్పండి, నీళ్ళు దొరకవచ్చని బండివాడు సలహా ఇచ్చాడు. అలా చెప్పినా టోల్ గేటు మనిషి ఒక చుక్క పోయలేదు. మూటలో తిండి ఉంది, గొంతు దిగడానికి నీళ్ళు లేవు. నలుగురూ ఆకలితోనే పడుకున్నారు. మర్నాడు పదకొండు గంటలకు గోరేగావ్ చేరారు.

అప్పటికి అతనికి పదేళ్ళు. అంటరానితనం గురించి అంతకుముందు తెలియక కాదు. గోనెపట్ట అలవాటైపోయింది. కానీ ఆ రాత్రి తగిలిన దెబ్బ జీవితాంతం మానలేదని ఆయనే తర్వాత రాశాడు.

పరేల్‌లో ఒంటి గది

కొన్నాళ్ళకు కుటుంబం బొంబాయి చేరింది. పరేల్‌లో మిల్లు కూలీలు ఉండే చాల్‌లో ఒకే ఒక గది. వంట అక్కడే, సామాన్లు అక్కడే, పడక అక్కడే. ఇప్పుడు వెలికి తోడు పేదరికం కూడా వచ్చింది. తండ్రికి పింఛను తప్ప రాబడి లేదు.

ఆ గదిలో పగలు చదువుకోవడం కుదిరే పని కాదు. అందుకని భీమ్‌రావు పెందలాడే పడుకునేవాడు. తండ్రి రెండింటి దాకా మేలుకుని ఉండి, కొడుకును లేపి, ఆ చోట్లో తను పడుకునేవాడు. చిమ్నీ లేని కిరోసిన్ దీపం దగ్గర పిల్లవాడు తెల్లవారేదాకా చదివేవాడు. పుస్తకం కావాలని కొడుకు అడిగితే తండ్రి చేతిలో డబ్బు లేకపోయినా కాదనేవాడు కాదు. పెళ్ళయిన కూతుళ్ళ దగ్గరకు వెళ్ళి వాళ్ళ నగ ఒకటి అడిగి తెచ్చి తాకట్టు పెట్టేవాడు. పింఛను రాగానే విడిపించి తిరిగి ఇచ్చేవాడు. మన ఇళ్ళల్లో అమ్మ పుస్తెలు, అక్క కమ్మలు షావుకారు దగ్గరకు వెళ్ళి వచ్చిన సంగతులు మనకు కొత్త కాదు కదా.

చదివింది ఎల్ఫిన్‌స్టన్ హైస్కూలు. బొంబాయిలో పేరున్న సర్కారీ బడి. అక్కడా ఒకరోజు మాస్టారు లెక్క చేయమని బోర్డు దగ్గరకు పిలిస్తే, తోటి పిల్లలు కేకలు వేసుకుంటూ పరుగెత్తారు. బోర్డు వెనక వాళ్ళ టిఫిను డబ్బాలున్నాయి. వాటిని దూరంగా తోసేసిన తర్వాతే భీమ్‌రావు లెక్క చేశాడు. సంస్కృతం చదవాలనుంటే అది చెప్పలేదు, పర్షియన్ తీసుకోవలసి వచ్చింది.

1907లో మెట్రిక్ పాసయ్యాడు. 750కి 282 మార్కులు. మార్కులు తక్కువ వచ్చాయని మంచం మీద బోర్లా పడుకునే తమ్ముళ్ళు ఈ అంకె గుర్తుపెట్టుకోవాలి. ఆ వాడలో మెట్రిక్ పాసవడమే వింత కాబట్టి సభ పెట్టి అభినందించారు. కేలుస్కర్ అనే పెద్దాయన తాను రాసిన బుద్ధుడి చరిత్ర బహుమతిగా ఇచ్చాడు. ఇంటర్ తర్వాత డబ్బు లేక చదువు ఆగే పరిస్థితి వస్తే ఆయనే బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ దగ్గరకు తీసుకువెళ్ళాడు. నెలకు 25 రూపాయల స్కాలర్‌షిప్ వచ్చింది. ఆ పాతిక రూపాయలతో 1912లో బి.ఏ. పూర్తయింది.

అమెరికా గది, బరోడా సత్రం

1913లో తండ్రి పోయాడు. అదే ఏడు బరోడా స్కాలర్‌షిప్ మీద న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. తిరిగి వచ్చాక పదేళ్ళు బరోడా సంస్థానంలో ఉద్యోగం చేయాలని ఒప్పందం.

అక్కడ విద్యార్థుల వసతి గృహంలో నవల్ భతేనా అనే పార్శీ యువకుడితో కలిసి ఉన్నాడు. ఎవరి పక్కన కూర్చున్నా ఎవరూ లేచిపోలేదు. ఏ గ్లాసు తీసుకున్నా ఎవరూ అరవలేదు. తలుపు వేసుకుని చదువుకోవడానికి ఒక చోటు, వేళకు తిండి, చేతికందే గ్రంథాలయం. ఈ మూడూ దొరికితే పరేల్ చాల్ పిల్లవాడు ఏం చేయగలడో లోకానికి తెలిసింది. 1915లో ఎం.ఏ. పూర్తి చేసి, 1916లో లండన్ చేరాడు. స్కాలర్‌షిప్ గడువు అయిపోవడంతో 1917లో చదువు మధ్యలో వదిలి తిరిగి రావలసి వచ్చింది.

ఒప్పందం ప్రకారం బరోడాలో ఉద్యోగంలో చేరాడు. ఉండడానికి గది దొరకలేదు. హిందూ హోటళ్ళు రానివ్వవు. చివరికి ఒక పార్శీ సత్రంలో, నిర్వాహకుడి ఒప్పుదలతోనే, పార్శీ పేరు పెట్టుకుని చేరాడు. మనిషి అలికిడి లేని పెద్ద హాలు, సరైన దీపం లేదు. పదకొండో రోజు పొద్దున పదిమందికి పైగా పార్శీలు కర్రలు పట్టుకుని వచ్చి నిలదీశారు. సాయంత్రానికి ఖాళీ చేయమన్నారు. స్నేహితులను అడిగితే తమ ఇళ్ళల్లో ఉంచుకోలేమన్నారు. రాత్రి రైలు వేళ దాకా ఊళ్ళోని తోటలో కూర్చుని, బొంబాయి వెళ్ళిపోయాడు. లోకంలో గొప్ప విశ్వవిద్యాలయాల్లో చదివిన మనిషికి తన దేశంలో ఒక రాత్రి పడకకు చోటు లేదు.

అప్పటికే ఆయనకు ఒకటి బాగా తెలిసిపోయింది. చదువు ఉంటే సరిపోదు. చదువుకునేవాడికి ఉండడానికి చోటు కావాలి.

బొంబాయిలో సిడెన్‌హామ్ కాలేజీలో అధ్యాపకుడుగా పని చేసి కూడబెట్టిన డబ్బు, కొల్హాపూర్ మహారాజు సాహు చేసిన సాయం, భతేనా ఇచ్చిన 5,000 రూపాయల అప్పు – వీటితో 1920లో మళ్ళీ లండన్ వెళ్ళాడు. పగలంతా గ్రంథాలయంలో చదువు, రాత్రి ఆకలేస్తే ఇంటి నుంచి తెచ్చుకున్న అప్పడాలు కాల్చుకుని తినడం. అలా డి.ఎస్సీ., బారిస్టరు పూర్తి చేసుకుని 1923లో తిరిగి వచ్చాడు.

నూటికి ఎనభై రెండుమంది

పెద్ద బారిస్టరు అయ్యాడు కదా, ఇక సుఖంగా బతకవచ్చు. కానీ 1924 జులైలో ఆయన బహిష్కృత హితకారిణి సభ అనే సంస్థ పెట్టాడు. ఆ సంస్థ 1925 జనవరిలో షోలాపూర్‌లో దళిత హైస్కూలు విద్యార్థులకు ఒక హాస్టల్ తెరిచింది. తిండి, బట్టలు, పుస్తకాలు అన్నీ సంస్థవే. షోలాపూర్ మునిసిపాలిటీ నెలకు 40 రూపాయలు గ్రాంటు ఇచ్చింది. ఆ హాస్టల్ పిల్లలు సరస్వతీ విలాస్ అనే పేరుతో సొంతంగా ఒక మాసపత్రిక నడిపారు. అంటే మీరు ఇప్పుడు చదువుతున్న ఈ సంచిక లాంటిది దాదాపు వందేళ్ళ క్రితమే ఒక హాస్టల్‌లో పుట్టిందన్నమాట. ఈ సంగతి చదివినప్పుడు మాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

హాస్టల్ ఆలోచన ఆయన ఒక్కడిదే కాదు. కొల్హాపూర్‌లో సాహు మహారాజు 1901 నుంచే కులానికొక వసతి గృహం కట్టించాడు. 1908లో అంటరాని పిల్లల కోసం మిస్ క్లార్క్ పేరుతో హాస్టల్ వచ్చింది. దారి అక్కడ ఉంది. దాన్ని సర్కారు బాధ్యతగా మార్చాలని పట్టుపట్టింది అంబేద్కర్.

1927లో ఆయన బొంబాయి శాసనమండలి సభ్యుడయ్యాడు. ఆ మార్చిలో విద్యా బడ్జెటు మీద మాట్లాడుతూ లెక్కలు చదివాడు. బొంబాయి రాజధానిలో ప్రాథమిక బడిలో చేరిన ప్రతి 100 మంది పిల్లల్లో నాలుగో తరగతికి చేరుతున్నది 18 మంది. తక్కిన 82 మంది మధ్యలోనే మానేసి, నేర్చిన అక్షరాలు కూడా మరచిపోతున్నారు. తలకు 14 అణాలు చదువుకు ఖర్చు పెడుతున్న సర్కారు, సారా మీద తలకు రెండు రూపాయలకు పైగా వసూలు చేస్తోంది. ప్రాథమిక బడుల్లో పై కులాల వారు వెయ్యికి 119 మంది ఉంటే, దళితులు, గిరిజనులు కలిసిన వెనుకబడిన వర్గాలవారు వెయ్యికి 18 మంది. హైస్కూలుకు వచ్చేసరికి లక్షకు 14 మంది. కాలేజీలో దాదాపు సున్నా.

ఆ ప్రసంగంలోనే ఆయన మనకు బాగా పనికొచ్చే మాట ఒకటి చెప్పాడు. పేద పిల్లవాడి పేర స్కాలర్‌షిప్ డబ్బు ఇంటికి పంపితే అది ఇంటి అవసరాలకే అయిపోతుంది, పిల్లవాడి చదువుకు చేరదు. తప్పు తల్లిదండ్రులది కాదు, లేమిది. ఆ డబ్బే హాస్టళ్ళ మీద పెడితే పిల్లవాడికి తిండి, చోటు, చదివించే మనిషి మూడూ దొరుకుతాయి. ఇదీ ఆయన వాదన. ఒంటి గదిలో రాత్రి రెండింటికి లేచి చదివినవాడు కాబట్టే అలా చెప్పగలిగాడని మేము అనుకుంటున్నాం.

1928లో దళితుల విద్య కోసం ఇంకో సంస్థ పెట్టాడు. అదే ఏడు సర్కారు అయిదు హాస్టళ్ళు మంజూరు చేసింది. గ్రాంటు చాలకపోతే జోలె పట్టి చందాలు అడిగాడు. ధార్వాడ్ హాస్టల్‌లో బియ్యం నిండుకుని పిల్లలు పస్తులుంటే, అక్కడికి వచ్చి ఉన్న ఆయన భార్య రమాబాయి తన చేతి గాజులు తీసి ఇచ్చిందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

రెండు బండ్లు

1927 మార్చి 20న మహాడ్‌లో వేలమందితో నడిచి వెళ్ళి చౌదార్ చెరువులో నీళ్ళు దోసిట పట్టి తాగాడు. సతారా బడిలో కుళాయి ముట్టుకోలేని పిల్లవాడికి అప్పుడు దాదాపు ముప్పయ్యారేళ్ళు. ఆ చెరువు మీద హక్కు కోసం కోర్టులో పోరాడితే బొంబాయి హైకోర్టు తుది తీర్పు 1937లో వచ్చింది. ఒక దోసెడు నీళ్ళకు పదేళ్ళు పట్టింది.

1929లో దళితుల కష్టాలు విచారించే సర్కారు కమిటీ సభ్యుడుగా పర్యటిస్తూ చాలీస్‌గావ్‌లో దిగాడు. మహర్‌వాడ జనం తీసుకుపోవడానికి వచ్చారు. టాంగావాళ్ళు ఎవరూ ఆయనను ఎక్కించుకోమన్నారు. ఆయన నడిచి రావడం గౌరవం కాదని వాడవాళ్ళు టాంగా మాత్రం అద్దెకు తీసుకుని, తమలో ఒకడిని తోలమన్నారు. పాపం అతనికి తోలడం రాదు. వంతెన దగ్గర టాంగా దెబ్బతిని ఆయన కింద పడ్డాడు, కాలు విరిగింది.

1901లో బండి, 1929లో టాంగా. నడుమ ఇరవై ఎనిమిదేళ్ళు. కొలంబియా, లండన్, బారిస్టరు పట్టా, శాసనమండలి సభ్యత్వం. బండివాడు మాత్రం అలాగే ఉన్నాడు. ఒక్క మనిషి పైకి వచ్చినంత మాత్రాన వెలి పోదు అనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఇంటి సంగతీ చెప్పాలి. ఆయనకు రమాబాయికి అయిదుగురు పిల్లలు పుట్టారు. గంగాధర్, రమేశ్, ఇందు, రాజరత్న చిన్నతనంలోనే చనిపోయారు. రాజరత్న పోయింది 1926లో. యశ్వంత్ ఒక్కడే మిగిలాడు. ఆయన లండన్‌లో చదువుతున్న ఏళ్ళు రమాబాయి బొంబాయిలో అర్ధాకలితో గడిపింది. 1935లో ఆమె కూడా పోయింది. తండ్రి తరంలో పద్నాలుగు మందిలో అయిదుగురు మిగిలితే, ఆయన తరంలో అయిదుగురిలో ఒక్కడు. ఇంటికొచ్చిన ఈ చావుల మధ్యే ఆయన ఊరి పిల్లలందరికీ హాస్టళ్ళు పెట్టాడు.

చట్టంలో ఎక్కిన చిన్నతనం

1942లో వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ సభ్యుడయ్యాడు. ఆ అక్టోబరులోనే దళితుల ఇబ్బందుల మీద వైస్రాయికి వినతిపత్రం ఇచ్చి, ఉన్నత విద్యకు నిధులు అడిగాడు. ఏటా మూడు లక్షల రూపాయలు మంజూరయ్యాయి. 1944లో మొదలైన పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ అదే. మన సీనియర్లు కాలేజీలో ఫారాలు నింపి, వార్డెన్ గారి సంతకం కోసం, బిల్లు కోసం ఎదురుచూసే ఆ స్కాలర్‌షిప్ పుట్టిన చోటు అక్కడ.

1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టాడు. 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ, 1950లో ఔరంగాబాద్‌లో మరో కాలేజీ వచ్చాయి. ఔరంగాబాద్ అప్పుడు హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. ఆ కాలేజీయే తర్వాత మిళింద్ పేరుతో ప్రసిద్ధి పొందింది. 1953 జనవరిలో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

రాజ్యాంగ సభలో 1948 నవంబరు 23న జరిగిన చర్చ ఒకటి మనం తెలుసుకోవాలి. ఉచిత విద్య ప్రాథమిక స్థాయికి పరిమితం చేస్తే చాలని ఒక సవరణ వచ్చింది. అంబేద్కర్ ఒప్పుకోలేదు. 14 ఏళ్ళ లోపు పిల్లలను ఫ్యాక్టరీ పనిలో పెట్టకూడదని రాజ్యాంగంలో ఇంకోచోట రాసుకున్నాం. పనిలో పెట్టకూడదన్న పిల్లవాడిని 14 ఏళ్ళ దాకా బడిలో ఉంచవలసిందే అని ఆయన వాదించాడు. అదే నిలిచింది. పనికీ బడికీ నడుమ ఖాళీ వదిలితే పేద పిల్లవాడు ఆ ఖాళీలో పడిపోతాడని ఆయనకు తెలుసు. అయితే అది ఆదేశిక సూత్రంగానే ఉండిపోయింది. 2002లో రాజ్యాంగ సవరణ జరిగి, విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చేదాకా అది ప్రాథమిక హక్కు కాలేదు. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 46వ అధికరణం దళిత, గిరిజనుల చదువును ప్రత్యేక శ్రద్ధతో చూడాలని ప్రభుత్వానికి చెప్పింది. మన సాంఘిక సంక్షేమ హాస్టళ్ళకు వేరు ఆ 46లో ఉంది.

1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షలాది మందితో బౌద్ధం స్వీకరించాడు. మెట్రిక్ పాసైన రోజు చేతికొచ్చిన బుద్ధుడి పుస్తకం అలా చివరిదాకా వెంట నడిచింది. 1956 డిసెంబరు 6న ఢిల్లీలో కన్నుమూశాడు.

మన ట్రంకు పెట్టె, ఆయన గోనెపట్ట

బడికి హాస్టల్ పిల్లలు వచ్చారనగానే కొందరి చూపు మారుతుంది. ఉచితంగా తింటున్నారంటారు. ఆ మాట విని తల దించుకున్నవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. తల దించుకోనక్కర్లేదని ఈ జీవితం చెబుతోంది. పళ్ళెం, దుప్పటి, ట్రంకు పెట్టె, ట్యూబులైటు, స్టడీ అవరు – ఇవి ఎవరో జాలిపడి వేసిన భిక్ష కాదు. గోనెపట్ట మీద కూర్చున్న ఒక పిల్లవాడు తనకు దొరకని ఒక్కో వస్తువునూ గుర్తుపెట్టుకుని, పెద్దయ్యాక మనందరి కోసం సాధించి పెట్టిన హక్కు. హక్కు కాబట్టే పప్పు నీళ్ళగా ఉంటే అడగాలి, కిటికీకి తలుపు లేకపోతే అడగాలి, స్కాలర్‌షిప్ ఆలస్యమైతే అడగాలి. మర్యాదగా, కాగితం మీద రాసి, అందరం సంతకం పెట్టి అడగాలి.

ఇంకో మాట. ఆ 82 మంది సంగతి 1927తో అయిపోలేదు. దసరా సెలవులకో, సంక్రాంతి సెలవులకో ఇంటికి వెళ్ళి తిరిగి రాని మిత్రుడు ప్రతి బ్యాచిలోనూ ఉంటాడు. పత్తి ఏరడానికి వెళ్ళాడని, ఇటుక బట్టీకి వెళ్ళాడని, చెల్లికి పెళ్ళి చేసేశారని ఎవరో చెబుతారు. మంచం ఖాళీ అవుతుంది. రిజిస్టరులో గీత పడుతుంది. మనం మరచిపోతాం. ఈసారి అలా మరచిపోవద్దని మా మనవి. సెలవులు అయ్యాక నాలుగు రోజులు చూసి రాకపోతే వార్డెన్ గారికి చెబుదాం. ఇద్దరు ముగ్గురం కలిసి ఆ ఊరికి వెళ్దాం. వాళ్ళ నాన్నతో మాట్లాడదాం. పాత విద్యార్థులైన అన్నలు, అక్కలు ఆ ఊళ్ళకు దగ్గర్లో ఉద్యోగాల్లో ఉంటే, ఒక్కపూట ఆ ఇంటికి వెళ్ళి రావడం మీకు పెద్ద పని కాదు. మీరు చెబితే ఆ తండ్రి వింటాడు, ఎందుకంటే మీరూ అలాంటి ఇంటి నుంచే వచ్చారు.

పటానికి దండ ఏప్రిల్‌లో వేస్తాం. తిరిగి రాని మిత్రుడి ఇంటికి జూన్‌లో వెళ్దాం. రెండూ ఒకటే పని అని మేము అనుకుంటున్నాం.

జై భీమ్.